స్వహస్తంతో దింపిన విమానాలు

కిందటి వారం మనం వెద్రానా ష్కరిట్సాను ఒక కోరికకూ ఒక అంకెకూ మధ్య వదిలి వచ్చాం. కోరిక పాతది, ఆరేళ్ళ వయసుది: కెప్టెన్ బెరిస్లావ్ లుక్షిచ్ ఒక్కసారైనా తన ఎదుట నిలబడి ఏదో ఒకటి యాచించాలి. అంకె కొత్తది. తాను నడిపిన విమానాల లెక్కంతా రాసుకుని ఆయనే పంపిన మూడో లాగ్‌బుక్కులో, ఎనభై ఎనిమిదో పుటలో, ఒక చిన్న గడిలో కనబడింది. అదేమిటో అప్పుడు చెప్పలేదు. ఈ వారం చెప్పక తప్పదు, ఎందుకంటే పిలవకుండానే కెప్టెన్ గారు ఆమె గది తలుపు తట్టారు.

కథలోకి ఇప్పుడే అడుగుపెట్టినవారికి నాలుగు మాటలు. ఐరోపాలో ముప్ఫై ఏళ్ళు విమానాలు నడిపినవాడైనా సరే, అమెరికాలో నడపాలంటే అక్కడి లైసెన్సు సంపాదించుకోవాలి. రెండు ఖండాల మీదా గాలి ఒకటే, రెక్కను పైకెత్తే సూత్రమూ ఒకటే. కాగితాన్ని కాగితం నమ్మదు, అంతే. అక్కడివాళ్ళు భద్రతా విచారణ జరుపుతారు, కోర్సు చదివిస్తారు, రాత పరీక్ష పెడతారు, సిమ్యులేటరులో కూర్చోబెట్టి నడిపే తీరు చూస్తారు. అన్నిటికంటే ముందు, లైసెన్సు ఇచ్చిన దేశానికి ఒక ప్రశ్న రాస్తారు: ఇది అసలుదేనా, చెల్లుబాటులో ఉందా, ఈ మనిషి మీద చర్య ఏదైనా నడుస్తోందా? ఆ జవాబు వెళ్ళేదాకా తక్కిన వ్యవహారం ముందుకు కదలదు. వెద్రానా పనిచేసే జాగ్రెబ్ విమానయాన కార్యాలయంలో ఆ జవాబు రాసే ఉద్యోగి ఆగస్టు నెలంతా సముద్రతీరాన సెలవులో ఉన్నాడు. అతని పని వెద్రానా మీద పడింది. ఈ కెప్టెన్‌తో తనకు పాత వైరం ఉందనీ, ఈ ఫైలు తాను ముట్టుకోవడం సబబు కాదనీ ఆమె పై అధికారికి రాసింది. ఆయన ఏదో ద్వీపం నుంచి ఒక్క వాక్యం పంపాడు: "ఆగస్టులో ఇంకెవరున్నారమ్మా, నువ్వే చూసెయ్."

ఆ వైరం పుట్టింది ఆరేళ్ళ కిందటి ఫిబ్రవరిలో, ఒక ద్వీపపు రన్‌వే మీద. కొండల మీదినుంచి సముద్రం వైపు దూకే బూరా గాలి ఆ రోజు పక్కనుంచి కొడుతోంది. బూరా మనుషులకు పిచ్చెక్కిస్తుందని తీరంలో చెప్పుకుంటారు. దానికి రుజువేమీ లేదు. అది విమానాన్ని పక్కకు నెడుతుందనడానికి మాత్రం బోలెడంత రుజువుంది. రెండు ప్రొపెల్లర్ల ఆ విమానం నేలను తాకలేదు, నేల మీద పడింది. కాక్‌పిట్ తలుపు పక్క సీటులో ఉన్న డోరిస్ అనే ఎయిర్‌హోస్టెస్‌కు వెన్నుపూస చితికింది. విమానాన్ని దింపింది లుక్షిచ్, పక్కన కో-పైలట్ వెద్రానా. విచారణ సంఘం ముందు ఆయన చెప్పింది వేరు: "చివరి నిమిషంలో తను దింపుతానని కో-పైలట్ బతిమాలింది. సరేనన్నాను. నా దయే నా తప్పు." అంత గాలిలో కో-పైలట్ దింపకూడదని సంస్థ నియమం. ఆ విమానంలో ఇద్దరి కంట్రోళ్ళూ ఒకదానితో ఒకటి జోడించి ఉంటాయి. ఒకటి కదిలితే రెండోదీ కదులుతుంది. యంత్రం కదలికను రాసుకుంది గాని చేతిని రాసుకోలేదు. విద్యుత్తు ఆపకుండా వదిలేయడం వల్ల కాక్‌పిట్ మాటల రికార్డింగు, దాని మీద కొత్తది పడి చెరిగిపోయింది. మిగిలింది ఒక మాటకు ఎదురు ఇంకో మాట, పేరు బయటపెట్టని ఒక సాక్షి వాఙ్మూలం. ఆ వసంతంలో కెప్టెన్ కావలసిన వెద్రానా ఉద్యోగం పోగొట్టుకుంది. ఏ సంస్థా మళ్ళీ తీసుకోలేదు. ముప్ఫై రెండేళ్ళ వయసులో ఎగరడం ఆపేసి, ఇతరుల లైసెన్సులకు ముద్రలు వేసే ఈ గదిలోకి వచ్చిపడింది.

బుధవారం పదిన్నరయింది. గదిలో రెండు కిటికీలున్నా ఒకటే తెరిచి ఉంది. రెండోదీ తెరిస్తే ఎదురుగాలి ఆడి మెడలు పట్టేస్తాయని, తన చిన్నత్తకు ఇలాగే మూతి వంకరపోయిందని రికార్డులు చూసే ష్టెఫిట్సా నమ్మకం. దేవుణ్ణి నమ్మనివాళ్ళు ఈ నగరంలో చాలామంది దొరుకుతారు గాని ఎదురుగాలికి భయపడనివాళ్ళు దొరకడం కష్టం.

"తలుపెయ్యండి కెప్టెన్ బాబూ, గాలాడుతోంది!" అని అరిచింది ష్టెఫిట్సా.

లుక్షిచ్ తలుపు వేశాడు. యాభై తొమ్మిదేళ్ళవాడు, నడుము వంగలేదు, తెల్ల చొక్కా ఇస్త్రీ నలగలేదు. వెద్రానాను చూసి ఒక్క క్షణం ఆగి, మరుక్షణమే నవ్వాడు.

"ఓహో, మన కో-పైలట్ అమ్మాయే! కౌంటర్లో నీ పేరు చెబితే ఇంకెవరో అనుకున్నా. ఎలా ఉంది ఇక్కడ? ఉరుముల్లేవు, మెరుపుల్లేవు, హాయి."

"బూరా కూడా లేదు. కూర్చోండి, కెప్టెన్ గారూ."

ఆయన కూర్చున్నాడు. అమెరికాలో సరుకు విమానాల సంస్థ ఒకటి తనను తీసుకుందనీ, సోమవారం టెక్సస్‌లో కోర్సు మొదలనీ, అక్కడి పరీక్షకు ఫీజు కూడా కట్టాననీ చెప్పుకొచ్చాడు. రెండు వారాలుగా ఈ కార్యాలయం నుంచి జవాబు వెళ్ళలేదట.

"నీ కోపం నాకు తెలుసు, వెద్రానా. పాతవి తవ్వకు. ఆ లేఖ శుక్రవారంలోగా చేరకపోతే నా చోటు ఇంకోడికిచ్చేస్తారు. ఈ వయసులో నాకు ఇంకో చోటు రాదు. బతిమాలుకోమంటావా? ఇదిగో, బతిమాలుకుంటున్నా."

ఆరేళ్ళు ఎదురుచూసిన మాట అది. అంత తేలిగ్గా వచ్చేసరికి వెద్రానాకు దాని రుచే తెలియలేదు. సెలవు రోజుల్లో ఇంట్లో నేల తుడుస్తూ ఎన్నిసార్లో ఊహించుకున్న ఘట్టం ఇది. ఊహలో ఆమె గొంతు ఉరిమేది, ఆయన తల వాలిపోయేది. నిజంలో ఆయన కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాడు. ఆయన బతిమాలడంలోనూ ఒక కెప్టెన్ ఆజ్ఞ ఉంది.

రెండు వారాలుగా ఆమె చేస్తున్నదేమిటో దాచనక్కరలేదు. ఆ ఫైలును కట్ట అడుగున పెట్టి, తేదీ దాటిపోయేదాకా ఊరుకుందామనుకుంది. అది చిన్నబుద్ధి అని ఆమెకు తెలుసు. అయినా మానలేదు. ఆ ఎనభై ఎనిమిదో పుట కనబడ్డాకనే ఫైలు కట్ట పైకి వచ్చింది.

"లేఖ టైపు చేసి ఉంచాను. ఒక్కటే అడ్డం. మీ అమెరికా సంస్థ మీరు ఎగిరిన గంటల ధ్రువపత్రం కూడా అడిగింది కదా. దానికోసం మీరు పంపిన మూడో పుస్తకంలో నలభై ఒక్క పుటలకి అడుగున సంతకాలు లేవు" అంది వెద్రానా.

"అదా! ఎవడు పెడతాడు ప్రతి పుటకీ?"

"పెట్టినవాళ్ళవే ధ్రువీకరిస్తాం."

లాగ్‌బుక్కులో ప్రతి పుట అడుగునా ఒక వాక్యం అచ్చు వేసి ఉంటుంది: ఈ పుటలో రాసినవన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను. పైలట్లు విమానం గురించి ఎంత జాగ్రత్తపరులో ఈ వాక్యం గురించి అంత నిర్లక్ష్యపరులు. ఏళ్ళ తరబడి ఖాళీగా వదిలేసి, అవసరం వచ్చిన రోజున ఒక్క ఊపులో గీకేస్తారు.

"ఇటివ్వు. పది నిమిషాల పని" అని లుక్షిచ్ జేబులోంచి కలం తీశాడు.

"చదివి పెట్టండి."

"నా చేత్తో నేను రాసుకున్నది నేను చదవాలా? ష్టెఫిట్సా, విన్నావా ఈ పిల్ల మాట!"

"విన్నాను బాబూ. పదకొండు దాటితే కింద హోటల్లో చిక్కుడుగింజల కూర అయిపోతుంది, ఏమైనా కానీ తొందరగా కానివ్వండి" అంది ష్టెఫిట్సా. కానీ ఆమె లేవలేదు. ముప్ఫై ఏళ్ళ ఉద్యోగంలో ఏ రోజున కూర వదులుకోవాలో ఆమె నేర్చుకుంది.

సంతకాలు మొదలయ్యాయి. అరవై మూడో పుట, అరవై నాలుగు, అరవై అయిదు. ఆయన సంతకం ఏటవాలుగా పైకి లేచి, చివర సన్నగా సాగుతుంది. పెడుతూనే కబుర్లు చెప్పాడు. ఇంజిన్ చల్లారకముందే, సీటులోంచి లేవకముందే లాగ్‌బుక్ పూర్తి చేసే అలవాటు తనదట. ఈ కాలం కుర్రకారు నెలాఖరున ఫోను చూసి రాసుకుంటారట.

"గుర్తులేదూ నీకు? నువ్వు తలుపు తీసేలోగా నాది అయిపోయేది."

"గుర్తుంది. చాలా బాగా గుర్తుంది" అంది వెద్రానా. పుట తిప్పింది. "ఎనభై ఎనిమిది. ఇదైనా చదివి పెట్టండి, కెప్టెన్ గారూ."

"నువ్వు మారలేదు. అప్పుడూ ఇంతే, ప్రతిదానికీ చదువు, చదువు." ఆయన చూపు కిటికీ వైపే ఉంది. కలం పుట అడుగున ఏటవాలుగా లేచింది, సన్నగా సాగింది.

వెద్రానా సిరా ఆరేదాకా ఆగింది. తక్కిన పుటలన్నీ కూడా అయ్యాయి. చివరి సంతకం కింద ఆయన చేత ఆ రోజు తేదీ, వేళ వేయించి, సాక్షి గడిలో ష్టెఫిట్సా చేత పేరు రాయించింది. అప్పుడు పుస్తకాన్ని తనవైపు తిప్పుకుని వెనక్కి వెళ్ళింది.

"మీరు చదవలేదు కాబట్టి నేను చదువుతాను. ఫిబ్రవరి పంతొమ్మిది. జాగ్రెబ్ నుంచి ద్వీపానికి. కెప్టెన్: స్వయంగా. కో-పైలట్: ష్కరిట్సా. స్వహస్తంతో దింపినవి..." ఆమె వేలు ఆ గడి మీద ఆగింది. "ఒకటి."

 వీధిలో ట్రాము ఒకటి మూల తిరుగుతూ కీచుమంది. ష్టెఫిట్సా కళ్ళజోడు సవరించుకుంది.

ఇందులో మాయ ఏమీ లేదు, దైవలీల అంతకంటే లేదు. ఆ గడిలో పైలట్ తాను స్వయంగా దింపినవాటిని మాత్రమే లెక్కపెట్టుకుంటాడు. పక్కవాడు దింపితే ఖాళీగా వదిలేస్తాడు. ఆ ఫిబ్రవరి సాయంత్రం విమానం ఆగగానే, వెనక డోరిస్ ఇంకా మూలుగుతుండగానే, లుక్షిచ్ చేయి తన ముప్ఫై ఏళ్ళ అలవాటు ప్రకారం కలం తీసి ఒకటి వేసింది. అబద్ధం పుట్టింది రెండు గంటల తరువాత, ఆసుపత్రి నుంచి ఎక్స్‌రే కబురు వచ్చాక. అబద్ధానికి అలవాటు విషయం తెలియదు, అలవాటుకు అబద్ధం విషయం తెలియదు. ఆయన లాగ్‌బుక్ చూపించమని విచారణలో ఒక్కరూ అడగలేదు.

లుక్షిచ్ పుస్తకం వైపు చేయి చాచాడు. వెద్రానా ఇవ్వలేదు, పుస్తకం మీద తన చేయి పెట్టింది.

"పొరపాటున పడింది. అలసటలో రాసి ఉంటాను" అన్నాడు ఆయన.

"అలాగా? అయితే దిద్దండి. పాత అంకె కనబడేలా ఒక గీత కొట్టాలి. పక్కన సంతకం, ఇవాళ్టి తేదీ. నియమం మీకు తెలుసు. దానికి నేనేమీ అడ్డు చెప్పను."

ఆయన కలం మూత తీశాడు.

"కానీ పుట కింద మొత్తం కూడా మారుతుంది. ఆ మొత్తమే తరువాతి పుట మీదికి వెళ్ళింది. అక్కడినుంచి ఈ పుస్తకం చివరిదాకా, నాలుగో పుస్తకం పొడవునా, నూట ముప్ఫై ఏడు పుటలు. అన్నిట్లోనూ గీతలు, అన్నిట్లోనూ ఇవాళ్టి తేదీ. మీ అమెరికా సంస్థకి మీరు పంపిన పత్రంలో ఎన్ని ల్యాండింగులని రాశారు?"

ఆయన కలం మూత మళ్ళీ పెట్టాడు.

"ఐదువేల రెండువందల పద్దెనిమిది" అంది వెద్రానా. "అక్కడివాళ్ళకి ప్రత్యేకంగా స్వహస్తంతో దింపినవి ఎన్నో కావాలి. మీరు గర్వంగా రాశారు. అందులో నేను దింపానని మీరు చెప్పినది ఒకటుంది. అది తీసేసి మళ్ళీ పంపండి. ఎందుకు తగ్గిందని అడిగితే ఏం చెబుతారో అది మీ ఇష్టం. తీసెయ్యకపోతే ఐదు నిమిషాల కింద మీరు పెట్టిన సంతకం అలాగే ఉంటుంది."

"నువ్వు... ఉచ్చు పన్నావు."

"రెండుసార్లు చదవమన్నాను. ష్టెఫిట్సా గారూ, ఎన్నిసార్లు?"

"రెండుసార్లు. మొదటిసారి నన్నే సాక్ష్యానికి పిలిచారు బాబు గారు" అంది ష్టెఫిట్సా. చిక్కుడుగింజల కూర సంగతి ఆమె పూర్తిగా మరిచిపోయింది.

లుక్షిచ్ మొహం మొదటిసారి వయసును ఒప్పుకుంది. గొంతు తగ్గించి, "అయితే లేఖ ఆపేస్తావు. అంతేగా నీకు కావలసింది?" అన్నాడు.

వెద్రానా సొరుగులోంచి లేఖ తీసింది. లైసెన్సు అసలుదే. చెల్లుబాటులో ఉంది. ఈ తేదీన, ఈ వేళకు ఈయన మీద ఏ చర్యా నడవడం లేదు. కింద సంతకం చేసింది. ముద్రను సిరాగుడ్డ మీద ఒత్తి, కాగితం మీద తిన్నగా దించింది. ఆ ముద్ర పడుతుంటే లుక్షిచ్ ఆమె చేతినే చూస్తున్నాడు. దాన్ని స్కాన్ చేసి, అమెరికా వాళ్ళకు పంపే మీట కూడా ఆయన చూస్తుండగానే నొక్కింది.

"వెళ్ళిపోయింది. మీ లైసెన్సు నకిలీదని నేనెందుకు రాస్తాను? అది అబద్ధం. మీరు నా మీద చెప్పినదానిలాంటిది."

ఆయనకు అర్థం కాలేదు. వెద్రానా రెండో కాగితం తీసింది. ఎనభై ఎనిమిదో పుట నకలు జతపరచి, విచారణ మళ్ళీ తెరవాలని ఆమె స్వంత పేరుతో రాసిన అర్జీ అది. తేదీ గడి మాత్రం ఖాళీగా ఉంది.

"ఇది మధ్యాహ్నం వెళ్తుంది. విచారణ తెరిచిన రోజున, మీ మీద చర్య నడుస్తోందని అమెరికాకి ఇంకో లేఖ రాయాల్సి వస్తుంది. ఈ బల్ల దగ్గర ఎవరుంటే వాళ్ళే రాయాలి. అప్పటికి మీరు టెక్సస్‌లో సిమ్యులేటర్లో కూర్చుని ఉంటారు. మొదటి లేఖ ఆపితే నేను పగబట్టానని మీరు అంటారు, నలుగురూ నమ్ముతారు. రెండో లేఖని మాత్రం ఎవరూ పగ అనలేరు." ఆమె అర్జీని బల్ల మీద తిన్నగా సర్దింది. "పగే, కెప్టెన్ గారూ. కానీ అందులో ఒక్క అక్షరం కూడా కల్పన ఉండదు. దానికే ఆరేళ్ళు పట్టింది."

 ఎక్కడినుంచో సంతోషం రావాలని ఆమె ఎదురుచూసింది. కొంచెం వచ్చింది కూడా, మంచుకొండ మీద ఎండలా, వెలుతురే తప్ప వేడి లేకుండా. మూడో అంతస్తు, లిఫ్టు లేని ఇంట్లో, ప్రతి ఆదివారం తాను సరుకుల సంచులు మోసుకెళ్ళి ఇచ్చే డోరిస్ గుర్తుకొచ్చింది. ఈ ఆదివారం బరువులతో పాటు ఒక కబురు కూడా మోసుకెళ్ళవచ్చు. దింపింది ఎవరో లోకానికి తెలుస్తుంది, డోరిస్. నీ వెన్ను విరిచింది నేను కాదు.

లుక్షిచ్ లేచాడు. తలుపుదాకా వెళ్ళి ఆగాడు. వెనక్కి తిరిగినప్పుడు ఆయన మొహంలో కోపం లేదు. అలసట ఉంది, అంతకంటే ఎక్కువగా జాలి ఉంది. ఆ జాలే వెద్రానాను కలవరపెట్టింది.

"ఒక అంకెతో నన్ను పట్టావు. ఒప్పుకుంటున్నాను. దింపింది నేనే. కానీ వెద్రానా, నా మాట ఒక్కటే అయితే సంఘం నిన్ను తీసేసేది కాదు. మాటకి మాట సరిపోయేది. సాక్షి వల్ల తీసేశారు. 'కంట్రోల్ నాది' అని ఆడగొంతు తలుపు వెనకనుంచి వినబడిందని చెప్పిన సాక్షి. అదెవరనుకున్నావు ఇన్నాళ్ళూ?"

"వెనక సీట్లో ఉన్న రెండో ఎయిర్‌హోస్టెస్ అమ్మాయి. విచారణ కాగానే దుబాయ్ వెళ్ళిపోయింది."

"వెనక సీటుకీ కాక్‌పిట్ తలుపుకీ మధ్య డెబ్భై మంది ప్రయాణికులు, రెండు ఇంజిన్ల మోత. నువ్వు లెక్కలు చూసే మనిషివి కదా. ఆ మాట ఆ అమ్మాయికి వినబడుతుందా?"

 కాక్‌పిట్ తలుపు పక్క సీటు ఒక్కటే ఉంది. ఆ సీటులో ఎవరున్నారో వెద్రానాకు ఎక్స్‌రేతో సహా తెలుసు.

"అబద్ధం" అంది.

"నా మాట నమ్మకు. నమ్మాల్సిన అవసరం నీకు లేదు. అడుగు."

ఊహ ఎంత బలమైనదైనా పరీక్షకు నిలవాలి. వెద్రానా ఫోను తీసి, పేరు వెతక్కుండానే అంకెలు నొక్కింది. ష్టెఫిట్సా కూడా వినేలా స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచింది. మూడు రింగుల తరువాత నిద్రమత్తు గొంతు పలికింది.

"చెప్పవే. ఇవాళ బుధవారం కదా, ఏంటీ?"

వెద్రానా సాక్షి గురించి అడగలేదు. అడిగితే జవాబును తానే అందించినట్టవుతుంది. జరిగినది మాత్రం చెప్పింది.

"డోరిస్, లుక్షిచ్ ఆఫీసుకొచ్చాడు. నా ఎదురుగానే ఉన్నాడు."

 అవతల మంచం కిర్రుమంది. లేవడానికి ఎప్పుడూ ఇద్దరి సాయం కావలసిన ఆ మనిషి ఒక్క ఊపులో లేచి కూర్చున్న చప్పుడది.

"చెప్పేశాడా నీకు?" అంది డోరిస్.